సగం మాత్ర

గురువారం పొద్దున సగం మాత్ర దర్జీ వేళ్ళలోంచి జారి కత్తిరింపు బల్ల మీద పడింది. అతను వెంటనే తియ్యలేదు. అంత చిన్నవి తియ్యాలంటే వేళ్ళు మాట వినాలి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి అవి వినడం మానేశాయి. గుడ్డ మీద చెయ్యి ఆనించి ఉన్నంతసేపూ వణుకు తెలీదు. గాల్లో ఏదైనా పట్టుకున్నప్పుడే బయటపడుతుంది.

బల్ల మీద ముదురు నీలం గుడ్డ పరిచి ఉంది. ఎవరిదో ప్యాంటు. సుద్దగీత పక్కన సగం మాత్ర పడి ఉంది. అరచేతిలో ఉన్న పూర్తి మాత్రని కూడా దాని పక్కనే దింపాడు. రెండూ తెల్లవే, రెండూ ఒకే స్టెరాయిడ్. మూడు వారాల కిందట డాక్టరు పదిని ఏడున్నర చేశాడు. అంతకుముందు పది మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి. ఇప్పుడు అయిదుది ఒకటి, అయిదుదే ఇంకో సగం.

సగం మాత్రకి కోసిన అంచు, పక్కనున్న పూర్తి మాత్ర అడ్డం కంటే పొడుగ్గా ఉంది.

అతను వంగి చూశాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. రెండు ముక్కలు పక్కపక్కన పెడితే ఒకే తానులోవో కావో కన్నే చెప్పేస్తుంది. అయినా మెళ్ళోంచి టేపు తీసి పెట్టి చూశాడు. పూర్తి మాత్ర పావంగుళానికి లోపలే ఉంది. సగందాని అంచు పావంగుళం దాటింది. సగం ఎక్కడైనా తన నిండు కంటే పొడుగుంటుందా? అది అయిదుదాని సగం కాదు. పదిదాని సగం.

అయిదూ అయిదూ పది. మూడు వారాలుగా అతను పదే మింగుతున్నాడు.

వీధి వైపు ఇస్త్రీపెట్టె చొక్కా మీద జారుతున్న చప్పుడు. అక్క తల వంచుకుని కాలరు తోముతోంది. ఏడు గదుల మందుల డబ్బా ఆమె చేతి పక్కనే, నీళ్ళ సీసా దగ్గర ఉంది. ఆ డబ్బా నింపేది ఆమే. ఆదివారం సాయంత్రం బ్లేడు, తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంటుంది. ఆ పని చేస్తున్నప్పుడు ఎవరు పిలిచినా పలకదు.

"ఏరా, మింగావా?" అంది తల ఎత్తకుండానే.

"మింగుతున్నా."

రెండూ నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు.

*

వీధిలో అతన్ని పున్నమి అంటారు. మొదట అన్నదెవరో తెలీదు గానీ ఇప్పుడు అందరూ అంటారు. ఆపరేషన్ అయిన నాలుగో నెలకి మొహం గుండ్రంగా ఉబ్బింది, మెడ మొహంలో కలిసిపోయింది. పాత ఖాతాదారు ఒకాయన షాపులోకి వచ్చి, అతని ఎదురుగా నిలబడి, "దర్జీ లేడా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి అతను అద్దం ట్రయల్ గదిలోకి మార్పించాడు.

మొహం సంగతి ఎలా ఉన్నా బతకొచ్చు. చర్మం పల్చబడింది. గుండుసూది గీరుకుంటే పది రోజులు ఊదారంగు మచ్చ. మోటు గుడ్డ అంచు రాసుకుంటే ముంజేతి మీద తోలు కాగితంలా లేచిపోతుంది. షుగరు వచ్చింది. నల్లగుడ్డ మీద నల్లదారం కనిపించడం మానేసింది. నల్లకోట్లు పక్కవీధి దర్జీకి పోతున్నాయి.

అందుకే డాక్టరు తగ్గిస్తానన్నప్పుడు అతను ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకున్నాడు. "మొదట్లో ఒళ్ళు నొప్పులొస్తాయి, నీరసంగా ఉంటుంది, భయపడకండి. మందు తగ్గుతోందని ఒంటికి తెలియడం అది" అని చెప్పింది నర్సు. అతను ఆ నొప్పుల కోసం ఎదురుచూశాడు. రోజూ లేవగానే మోకాళ్ళు నొక్కి చూసుకున్నాడు. నొప్పి లేదు. ఆదివారం ఆదివారం మెడ కొలుచుకుని బల్ల అడుగున సుద్దతో గీశాడు. పదిహేడున్నర. మళ్ళీ పదిహేడున్నర. మళ్ళీ అదే. తన పాత కొలతకి, పదిహేను మెడకి, ఒక తెల్లచొక్కా కత్తిరించి పెట్టుకున్నాడు. కుట్టలేదు. అది అటక మీద మడతలో ఉంది.

షాపులో మూలన కూర్చుని చేత్తో కాజాలు కుట్టే పెద్దాయన రెండుసార్లు చూసి ఊరుకున్నాడు. మూడోసారి ఊరుకోలేదు.

"మాస్టారూ, వారం వారం మెడ కొలుస్తున్నారు, ఉరికి గానీ సిద్ధం అవుతున్నారా?"

"చొక్కాకి."

"చొక్కాకైతే ఒకసారి చాలుగా. మీ మెడేమన్నా గుమ్మడిపాదా, వారానికో పిందె పెరగడానికి?"

అప్పుడు నవ్వాడు. ఇప్పుడు నవ్వు రాలేదు.

గురువారం అక్కని అడగలేదు. శుక్రవారం అడగలేదు. శనివారం, అక్క బయటికి పోయినప్పుడు ఇస్త్రీబల్ల సొరుగు లాగాడు. దుప్పటి ముక్క కింద పాత పదివి రెండు పట్టీలు ఉన్నాయి. ఇంక వాడొద్దు, తీసి పారెయ్యమని నర్సు చెప్పినవి. ఒకటి ఖాళీ. రెండోదానిలో ఒకే గూడు చినిగింది. దుప్పటి ముక్క మళ్ళీ సర్ది సొరుగు మూసేశాడు.

ఒళ్ళు మండిపోతోంది. అయినా అడగలేదు. ఇంట్లో అడిగితే ఇంట్లోనే అయిపోతుంది. ఆమె రెండు మాటలంటుంది, తను రెండంటాడు, పొయ్యి మీద ఏదో మాడుతుంది, దాంతో సరి. సోమవారం ఎలాగూ ఆస్పత్రి. అక్కడ చెప్తాడు. నాకు కాకపోతే ఆ డాక్టరుకైనా జవాబు చెప్పనీ అనుకున్నాడు.

ఆదివారం ఆమె బ్లేడు, కాగితం పెట్టుకుని కూర్చుంది. అతను చొక్కాకి బొత్తాలు కుట్టుకుంటూ ఓరగా చూశాడు. బ్లేడు మాత్ర నడిమి గీత మీద ఆనించింది, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. రెండు సగాలు, పొడి రాలకుండా. అంత శుభ్రంగా కోస్తోంది అబద్ధాన్ని.

*

సోమవారం రక్తం ఇచ్చేదాకా మాత్రలు వేసుకోకూడదు. ఆ రోజువి కాగితంలో పొట్లం కట్టి అతని జేబులో పెట్టింది ఆమే.

వరండాలో బెంచీలు నిండిపోయాయి. మూతికి గుడ్డ కట్టుకున్నవాళ్ళు, ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు. అక్క గోడకి ఆనుకుని నిలబడింది. ఎడం పక్క ఆనించదు, కుడి పక్కే ఆనిస్తుంది. రక్తం ఇచ్చి, నాలుగు గంటలు కూర్చుంటే పిలిచారు.

లోపల రోగికి ఒకటే కుర్చీ. అతను కూర్చున్నాడు. అక్క సంచీ పట్టుకుని వెనక నిలబడింది.

డాక్టరు కాగితం చూసి తలూపాడు. "బాగుంది. క్రియాటినిన్ ఒకటి పాయింట్ రెండు. మందు తగ్గించినా కిడ్నీ చెక్కు చెదరలేదు చూశారా? షుగరే ఇంకా దిగలేదు. దిగుతుంది. ఈ రోజు నుంచి అయిదు."

కలం తీశాడు. దర్జీ జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద విప్పాడు.

"రాయకండి డాక్టరుగారూ. ముందు ఇవి చూడండి."

"ఏముంది?"

"ఈ సగం అయిదుది కాదు, పదిది. పక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. మూడు వారాల నుంచీ నేను పదే వేసుకుంటున్నాను. నాకు గురువారం తెలిసింది."

డాక్టరు కళ్ళజోడు పైకి నెట్టి రెండూ దగ్గరగా జరిపి చూశాడు. కలం కింద పెట్టాడు.

"మందులు ఎవరు పెడతారు మీకు?"

దర్జీ వెనక్కి తిరగలేదు.

"మా అక్క."

"మీరేనా?"

"నేనేనండి" అంది అక్క.

"చదువు వచ్చా?"

"పట్టీ మీద అంకెలు చదువుకోగలనండి."

"చదివే చేశారన్నమాట. ఎందుకు?"

ఆమె సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "వార్డులో మా పక్క మంచం మేష్టారు ఇదే మాత్ర మానేశాడండి. ఆరు నెలలకి కిడ్నీ పోయింది. మళ్ళీ డయాలిసిస్ మిషన్ ఎక్కాడు."

"ఆయన నాకు చెప్పకుండా, ఉన్న మందులన్నీ ఒక్కసారే మానేశాడు. ఇది అది కాదు." డాక్టరు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు ఒక్కో మాట విడివిడిగా చెప్పాడు. "కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా మొదట్లో స్టెరాయిడ్ ఎక్కువ కావాలి. తర్వాత ఆ పని మిగతా రెండు మందులు చూసుకుంటాయి. ఇది ఎక్కువైతే ఎముకలు గుల్లబారతాయి, తోలు ఊడొస్తుంది, కళ్ళకి శుక్లాలొస్తాయి. ఈయన చేతులు చూశారా? అందుకే రక్తం చూసుకుంటూ మెట్టు మెట్టుగా దింపుతాం. ఈయన ఏడున్నర మెట్టు మీదున్నాడనుకుని ఇప్పుడు అయిదుకి దింపబోయాను. ఉన్నదేమో పది దగ్గర. రెండు మెట్లు ఒక్కసారి దిగి పడితే ఎవరు జవాబు చెప్తారు? మీరా?"

అక్క బల్ల మీద విప్పి ఉన్న పొట్లం వైపు చూసింది.

"ఇంత ధైర్యం ఎలా వచ్చింది? మీకేం తెలుసమ్మా కిడ్నీ సంగతి?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నర్సు ఏదో కాగితం సర్దుతోంది.

పధ్నాలుగు నెలల కిందట ఇదే డాక్టరు, పై అంతస్తు వార్డులో ఆమె మంచం దగ్గర నిలబడ్డాడు. ఆమెతో కాదు, పక్కనున్న తమ్ముడితో అన్నాడు, ఇలాంటి అక్క ఉండటం మీ అదృష్టమని. మర్నాడు ఆమె ఎడం పక్క జానెడు పొడుగు కోసి కిడ్నీ తీశారు. రోజుకి నలభైమందిని చూసేవాడికి మొహాలు గుర్తుండవు. ఫైల్లో నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే కిడ్నీ ఇచ్చిందెవరో ఉంటుంది. అతను తిప్పలేదు.

చెప్పాల్సినవాడు కుర్చీలో కూర్చున్నాడు. మాట పళ్ళదాకా వచ్చింది. చెప్తే డాక్టరు చల్లబడతాడని తెలుసు. అయ్యో, మీరా అమ్మా, కూర్చోండి అంటాడని తెలుసు. అప్పుడు తన మూడు వారాలకి విలువ ఉండదు. ఇంకో రెండు మాటలు పడనీ, తర్వాత చెప్తాననుకున్నాడు.

ఆ రెండు మాటలూ పడ్డాయి. తర్వాత డాక్టరు కలం తీసుకుని దర్జీ వైపు తిరిగాడు. "ఏడున్నర ఈ రోజు నుంచి మొదలు. డబ్బా మీ దగ్గరే ఉంచుకోండి. నెల తర్వాత రండి." నర్సు తర్వాతివాళ్ళని పిలిచింది.

ఆమె గడప దగ్గర ఆగి డాక్టరుకి నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

*

బస్టాపులో నీడ ఒక మనిషికి సరిపడా ఉంది. ఆమె అతన్ని అందులో నిలబెట్టింది. ఎండ తగిలితే అతని తోలు కందుతుంది.

"అడక్కుండా ఎందుకు చేశావు?" అన్నాడు.

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"మరి."

బస్సు రాలేదు. ఆమె రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది.

"నాకు రెండుండేవి. ఒకటి నీకిచ్చాను. అది పోతే ఇంకోటి ఇవ్వడానికి నా దగ్గర లేదు. ఆయన దగ్గర మాత్రలున్నాయి. పెంచుతాడు, తగ్గిస్తాడు, తప్పైతే మళ్ళీ పెంచుతాడు. నా దగ్గరేముంది?"

"అందుకని నన్ను మోసం చేస్తావా?"

"చేశాను." సంచీ భుజానికి ఎక్కించుకుంది. "నువ్వు గురువారమే చూశావు. నాలుగు రోజులు ఒక్క మాటన్నావా నాతో? అక్కడ కుర్చీలో కూర్చుని అన్నావు."

బస్సు వచ్చింది. ఖాళీలు విడివిడిగా ఉన్నాయి. ఆమె ముందు, అతను వెనక కూర్చున్నారు.

*

మంగళవారం పొద్దున మందుల డబ్బా, అయిదువి పట్టీ, బ్లేడు అతని కుట్టుమిషన్ మీద ఉన్నాయి. పదివి కూడా అక్కడే పెట్టి, పట్టీల నడిమికి కత్తెరతో కోసి ఉంచింది. ఇస్త్రీపెట్టె అప్పటికే వేడెక్కింది.

పూర్తి మాత్ర మింగాడు. రెండోదాన్ని కాగితం మీద పెట్టాడు. నడిమి గీత కనిపించలేదు. కళ్ళజోడు మార్చాడు. కనిపించీ కనిపించనట్టుంది. బ్లేడు ఆనించి నొక్కాడు. వేలు వణికి బ్లేడు పక్కకి జారింది. మాత్రలో మూడో వంతు ఒకవైపు, మిగతాది పొడి. ఇంకోటి తీశాడు. అది ఎగిరి మిషన్ కింద పడింది. మూడోది బాగానే తెగింది గానీ ఒకవైపు పెద్దది, ఒకవైపు చిన్నది.

కాజాల పెద్దాయన సూది ఆపి చూస్తున్నాడు.

"మాస్టారూ, మాత్రకి కూడా కుట్టుకని ఒకవైపు ఎక్కువ వదిలారా?"

దర్జీ పట్టీలోంచి ఇంకోటి తీశాడు. నాలుగోది పిండి అయింది. కాగితం మీద సుద్ద రాలినట్టుంది. చూపుడువేలికి బ్లేడు తగిలి రక్తం వచ్చింది. అతనికి రక్తం త్వరగా కనిపిస్తుంది, లోపల దాచడానికి తోలు ఉంటేగా. గుడ్డపేలిక చుట్టుకున్నాడు.

అక్క ఇటు చూడలేదు. ఆమె చేస్తున్నది ఎవరిదో పెళ్ళిచొక్కా, ముందువైపు సన్న కుచ్చులు. ఒక్కో కుచ్చునీ వేలితో పట్టి ఇస్త్రీపెట్టె ముక్కుతో నొక్కుతోంది. తొందర లేదు.

పదయింది. మందు ఎనిమిదింటికి వేసుకోవాలి.

"అక్కా."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"ఇది కొయ్యి."

ఆమె వచ్చింది. చేతులు కడుక్కుని, నడుముకి కట్టుకున్న ఇస్త్రీగుడ్డకి తుడుచుకుంది. కాగితం మీది పిండిని ఊది, కొత్త మాత్ర పెట్టి, బ్లేడు ఆనించి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. రెండు సగాలయ్యాయి. ఒక సగాన్ని అరచేతిలో పెట్టుకుంది. పక్కనే పట్టీలోంచి ఇంకో పూర్తి మాత్ర తీసి పెట్టింది. ఆ అరచెయ్యి అతని మొహం ముందు పట్టుకుంది.

"కొలుచుకో."

"అక్కర్లేదులే."

"కొలుచుకోమన్నాను."

కాజాల పెద్దాయన తల దించుకుని దారం ఎక్కించుకుంటున్నాడు. అప్పటికే ఎక్కి ఉన్న దారం.

దర్జీ మెళ్ళోంచి టేపు తీశాడు. కొలిచాడు. అంచూ అడ్డమూ ఒకటే.

"సరిపోయింది" అన్నాడు.

ఆమె సగాన్ని అతని చేతిలో వేసి పోయింది. బుధవారం అలాగే జరిగింది. గురువారమూ అంతే. ఆమె కోస్తుంది, అరచెయ్యి చాపుతుంది, అతను కొలుస్తాడు, సరిపోయిందంటాడు. రోజు మొత్తం మీద వాళ్ళు మాట్లాడుకున్న మాటలు అవే.

శుక్రవారం తెల్లారి లేవబోతే మోకాళ్ళు లేవనివ్వలేదు. భుజాలు ఎవరో పిండి ఆరేసినట్టున్నాయి. మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. నాలుగు వారాలు ఎదురుచూసిన నొప్పులు. వచ్చాక సంతోషమేమీ అనిపించలేదు. నొప్పి నొప్పిలాగే ఉంది.

వాకిట్లోంచి అక్క చూసింది. "వచ్చాయా?"

"ఆఁ."

ఆమె మొహంలో రంగు లేదు. "ఇది నొప్పేనా, లేక..."

"నొప్పే. నర్సు చెప్పిందే. జ్వరం లేదు."

ఆమె లోపలికి వచ్చి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంది. మూత్రం ఎంత పోశాడో అడిగింది. చెప్పాడు. కాళ్ళు నొక్కి వాపు చూసింది. లేదు. అప్పుడు ఇస్త్రీకి పోయింది.

ఆ రోజంతా అతను మిషన్ మీద గంట కూర్చుని గంట గోడకి ఆనుకున్నాడు. గోడకి ఆనుకున్నప్పుడు చెయ్యడానికేమీ ఉండదు, చూడటం తప్ప. అక్క ఇస్త్రీగుడ్డ నడుముకి కట్టుకుంటుంది. మందపాటి గుడ్డ, వెడల్పు పట్టీ. పట్టీ ఎడం పక్క ఎముక కింద, సరిగ్గా గాటు మీద పడుతుంది. ఆమె వంగినప్పుడల్లా ఎడం చేత్తో పట్టీని పైకి లాగుతుంది, నిలబడినప్పుడు కిందికి జారుతుంది, మళ్ళీ లాగుతుంది. ఒక్క చొక్కాకి ఎన్నిసార్లు లాగిందో లెక్కపెట్టాడు. పదకొండు. ఆమె అలా లాగబట్టి పధ్నాలుగు నెలలు. అతను దర్జీ.

శనివారం ఆమె బయటికి పోయినప్పుడు మేకుకి తగిలించిన ఇస్త్రీగుడ్డ తీశాడు. నడుం పట్టీ కుట్టు విప్పేశాడు. ముంజేతులు పీకుతున్నాయి. విప్పిన పట్టీనే రెండు చేసి, భుజాల మీంచి వచ్చి వీపు మీద అడ్డంగా దాటేలా కుట్టాడు. నడుం మీద ఏమీ ఆనదు. తిరిగి మేకుకి తగిలించాడు.

ఆమె వచ్చి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. భుజాలకి వేసుకుంది. ఒక చొక్కా చేసింది. ఇంకోటి చేసింది. చెయ్యి పక్కకి పోలేదు. మూడో చొక్కా మధ్యలో ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"ఎడం పట్టీ అరంగుళం పొడుగుంది. జారుతోంది."

"అందాజుగా కుట్టాను."

"కుడతావు. మాత్ర దగ్గర టేపు తీశావు. నా దగ్గరికొచ్చేసరికి అందాజు."

కాజాల పెద్దాయన దగ్గాడు. టీ తాగొస్తానని లేచి, చెప్పులు వెతుక్కుని వీధిలోకి పోయాడు.

దర్జీ బల్ల పట్టుకుని లేచాడు. మోకాళ్ళు విరిగినంత పనైంది. మెళ్ళోంచి టేపు తీశాడు.

"రా. నిలబడు."

"పనుంది."

"నిలబడక్కా."

ఆమె ఇస్త్రీపెట్టె తీగ పీకి వచ్చి నిలబడింది. అతను భుజం మీద టేపు ఆనించాడు. వేళ్ళు వణుకుతున్నాయి. ఒంటికి ఆనించాక ఆగాయి.

"నెల తర్వాత పోయినప్పుడు" అన్నాడు, "ఆ కుర్చీలో నువ్వు కూర్చోవాలి. ఫైలు నాలుగు పేజీలు వెనక్కి తిప్పించి ఆయన చేత చదివిస్తాను."

"చదివిస్తావులే." ఆమె గోడ వైపు చూస్తోంది. "ముందు కొలువు."

"చేతులెత్తు."

ఆమె ఎత్తింది. కుడి చెయ్యి పైదాకా పోయింది. ఎడం చెయ్యి సగందాకా లేచి ఆగింది. అతను ఇంకా ఎత్తమనలేదు. అక్కడిదాకా కొలిచాడు.